సరిహద్దు మండలాల్లో ఆరోగ్య అత్యవసరాలకు ఉమ్మడి సన్నద్ధత: ఎక్కడ మొదలుపెట్టాలి?

డాక్టర్ గారూ, మీరు అడిగింది ఇది. జోగులాంబ గద్వాల జిల్లా సరిహద్దు మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరారు. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క ఆంధ్రప్రదేశ్. రేపు అంటువ్యాధి ప్రబలినా, వరద వచ్చినా మూడు వైపుల వారూ కలిసి పనిచేసే ఏర్పాటు ఏదీ మీకు కనిపించలేదు. ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరేదాకా ఆగాలా, మీ స్థాయిలో చేయగలిగింది ఏమైనా ఉందా అన్నారు.

ఆగనక్కర్లేదు. మీ ఊరి రోగికి ఏటి అవతల వైద్యం జరిగితే ఆ కబురు అదే రోజు మీకు చేరాలి. వాళ్ల ఊరి రోగి మీ దగ్గరికి వస్తే ఆ కబురు అదే రోజు వాళ్లకు చేరాలి. సరిహద్దు భాగస్వామ్యమంటే నా దృష్టిలో ముందుగా ఇదే. ఇది కుదిరితే మిగతావన్నీ దీని మీద కట్టుకోవచ్చు. ఇది లేకుండా పైస్థాయిలో ఎన్ని సమావేశాలు జరిగినా, ఆపద రోజున ఎవరికి ఫోను చేయాలో తెలియక అందరూ వెతుక్కుంటారు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో అంటువ్యాధుల నిఘా పనిలోనే ఉద్యోగమంతా గడిపినవాడిని కాబట్టి ఈ నేల సంగతులతోనే వివరంగా చెబుతాను.

మన సరిహద్దు ఎలాంటిదో ముందు చూడండి. గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో అవి పాలమూరుకు వచ్చాయి గానీ వియ్యాలు, అంగళ్లు, మొక్కులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. తుంగభద్ర అవతలి కర్నూలు 2014 జూన్ 2 దాకా మన రాష్ట్రమే. అప్పట్లో రెండు జిల్లాల వైద్యాధికారులూ ఒకే డైరెక్టరు కింద పనిచేసేవారు. హైదరాబాద్ నుంచి ఒక్క ఫోను వస్తే ఇద్దరూ కదిలేవారు. ఇప్పుడు అదే సమాచారం పద్ధతి ప్రకారం వెళ్లాలంటే గద్వాల నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర కార్యాలయానికి, అక్కడి నుంచి కర్నూలుకు ప్రయాణం చేయాలి. రోగి మాత్రం వంతెన మీదుగా అరగంటలో వెళ్లిపోతాడు.

కాబట్టి మీ మొదటి పని మనుషులు వెళ్లే దారులు తెలుసుకోవడం. ఆశా కార్యకర్తలను, ఏఎన్‌ఎంలను ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, ఊరూరికీ అడగండి. జ్వరం వస్తే ఎక్కడికి వెళతారు? పురుటికి ఎక్కడికి? కూలికి ఏ నెలలో ఎటు? సంత ఎక్కడ? అలంపూర్ వైపు వారికి పెద్దాసుపత్రి అంటే కర్నూలు సర్వజన ఆసుపత్రే. హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్ల దూరం. గట్టు, కేటీ దొడ్డి మండలాల వారికి, నారాయణపేట జిల్లా మక్తల్, కృష్ణా మండలాల వారికి రాయచూరు దగ్గర. గద్వాలలో, నారాయణపేటలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, అది మంచిదే. అయినా తాతల నాటి నుంచి వెళుతున్న దారి ఒక్క ఏడాదిలో మారదు. నల్లగొండ వైపు చూస్తే వాడపల్లి వంతెన దాటితే పొందుగుల, దాచేపల్లి. నాగార్జునసాగర్ దిగువన మాచర్ల. కోదాడ దాటితే జగ్గయ్యపేట. దక్షిణ తెలంగాణలో కృష్ణా, తుంగభద్రల పొడవునా ఇదే కథ.

దారుల లెక్కలో కాలాన్ని మరవకండి. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి క్రాసింగ్ పనుల (విత్తనాల కోసం పత్తి పూలకు చేత్తో పరాగసంపర్కం చేసే పనుల) కాలంలో కర్నూలు, రాయచూరు పల్లెల నుంచి కూలీలు వచ్చి చేల దగ్గరే గుడిసెల్లో ఉంటారు. మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. పాలమూరు వలస ముంబై, పుణే దాకా ఉంది. 2020 మే నెలలో ముంబై నుంచి తిరిగివచ్చిన వారిలో కోవిడ్ కేసులు బయటపడినప్పుడు, ఏ ఊరికి ఎవరు ఎప్పుడు చేరారన్నది అధికారుల రికార్డుల్లో కంటే కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీల నోట ఎక్కువ కచ్చితంగా దొరికింది. అందుకే మేస్త్రీల ఫోను నంబర్లు మీ దగ్గర ఉండాలి. మేస్త్రీని పట్టించుకోని సన్నద్ధత ప్రణాళిక పాలమూరులో సగం ప్రణాళికే అని నా గట్టి నమ్మకం.

ఇక సమాచారం ఎందుకు దాటదో చూద్దాం. నేను చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. తుంగభద్రకు అటూ ఇటూ కుదిరిన పెళ్లి. విందు ఇవతలి గట్టున జరిగింది. మర్నాడు వాంతులు, విరేచనాలు. ఆడపెళ్లివారిలో కొందరు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లారు. మగపెళ్లివారు అప్పటికే ఇళ్లకు చేరారు కాబట్టి అక్కడి ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. రెండు చోట్లా చూసిన వారికి అవి మామూలు ఎండాకాలపు విరేచనాల కేసులే. ఏ ఒక్క చోటా అనుమానం కలిగించేంత సంఖ్య లేదు. రెండూ ఒకే కాగితం మీద పెట్టి చూస్తే గానీ ఒక విందు నుంచి మొదలైన వ్యాధి అని తెలియలేదు. అప్పటికి నమూనా తీయడానికి అన్నమూ లేదు, నీళ్లూ లేవు. ఇలాంటి విచారణలో ఫలానా పదార్థం తిన్నవారిలో ఎంతమందికి జబ్బు చేసింది, తిననివారిలో ఎంతమందికి చేసింది అని పోల్చి కారణం పట్టుకుంటాం. అతిథుల్లో సగం మంది రాష్ట్రం దాటి వెళ్లిపోతే ఆ పోలిక కుదరదు. ప్రాణాలు పోయే వ్యాధి అయి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

దేశంలో అంటువ్యాధుల నిఘాకు వ్యవస్థ లేక కాదు. సమగ్ర వ్యాధుల నిఘా కార్యక్రమం (ఐడీఎస్‌పీ) 2004లో మొదలైంది. లక్షణాలను బట్టి ఏఎన్‌ఎం రాసే ఎస్ ఫారం, డాక్టరు అనుమానించి రాసే పీ ఫారం, ప్రయోగశాల నిర్ధారించే ఎల్ ఫారం మీకు తెలిసినవే. 2021 నుంచి ఐహెచ్‌ఐపీ అనే కేంద్ర ఆరోగ్య సమాచార పోర్టల్‌లో ఏ రోజుది ఆ రోజే నమోదు చేసే వీలు వచ్చింది. అయితే వివరం పోర్టల్‌కు ఎక్కడం ఒక పని, అది సరైన ఊరి సిబ్బందికి చేరి వారు ఆ ఇంటి తలుపు తట్టడం ఇంకో పని. మధ్యలో తేడా కొట్టేది ఎక్కువగా చిరునామా దగ్గరే. కర్నూలులో చేరిన అలంపూర్ రోగి అక్కడి బంధువుల ఇంటి చిరునామా చెబుతాడు. రాయచూరులో చేరిన కృష్ణా మండలం మనిషి తన జిల్లా 'మహబూబ్‌నగర్' అంటాడు. 2016లో ఆ జిల్లా విడిపోయిందని, 2019లో నారాయణపేట వేరే జిల్లా అయిందని అవతలి డేటా ఆపరేటరుకు ఎలా తెలుస్తుంది? ఒకే పేరుతో మూడు నాలుగు ఊళ్లు ఉండటం మన దగ్గర మామూలే.

దీనికి మందు తేలికైనదే. మీ ఓపీలోనూ, అవతలి ఆసుపత్రి జ్వరాల వార్డులోనూ అదనంగా మూడు ప్రశ్నలు అడిగించండి. సొంత ఊరు, మండలం ఏవి? ఊళ్లో ఆశా కార్యకర్త ఎవరు? గడిచిన రెండు వారాల్లో రాత్రిళ్లు ఎక్కడెక్కడ పడుకున్నారు? మూడో ప్రశ్న నా అనుభవంలో అన్నిటికంటే విలువైనది. 'ఎక్కడికి ప్రయాణించారు' అని అడిగితే రైలెక్కితేనే ప్రయాణం అనుకుని ఎక్కడికీ వెళ్లలేదంటారు. ఎక్కడ పడుకున్నారంటే చేను దగ్గరి గుడిసె, చెల్లెలి ఊరు, జాతర, లారీ అన్నీ బయటికొస్తాయి. దీనితో పాటు మీ మండలంలోని ఊళ్ల జాబితా, ప్రతి ఊరికీ ఏ ఉపకేంద్రమో, ఎవరికి ఫోను చేయాలో ఒక్క కాగితం మీద రాసి, కర్నూలు, రాయచూరు ఆసుపత్రుల్లో అడ్మిషన్ దగ్గర ఉండే వారికి ఇవ్వండి. రాయచూరుకు ఇచ్చేది కన్నడ లిపిలో కూడా ఉండాలి. వాళ్ల జాబితా మీరు తెచ్చుకోండి.

ఒక జాగ్రత్త. రోగి పేరు, జబ్బు వివరాలు వాట్సాప్ గుంపుల్లో పెట్టకండి. పల్లెలో ఒక్కసారి పేరు బయటపడితే ఆ కుటుంబానికి నీళ్లు కూడా పుట్టని రోజులు కోవిడ్ కాలంలో చూశాం. గుంపులో సంఖ్యలు, ఊరి పేరు చాలు. పేరు, ఫోను నంబరు ఒక వైద్యుడి నుంచి ఇంకో వైద్యుడికి నేరుగా వెళ్లాలి. రోగికి కూడా ఆ సంగతి చెప్పాలి. ఈ నమ్మకం పోతే రోగులు చిరునామా దాచడం మొదలుపెడతారు, అప్పుడు మనం కట్టుకున్నదంతా కూలిపోతుంది.

అత్యవసరం కోసం తయారుచేసే సంబంధం అత్యవసరం లేని రోజుల్లోనే పాకంలో పడాలి. అందుకు రోజువారీ పని రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి కుక్కకాటు. చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. కర్నూలులో కూలి చేస్తుండగా కరిచిన వ్యక్తి మొదటి డోసు అక్కడ వేయించుకుని మీ ఊరికి వస్తాడు. ఆ చీటీని మీరు గౌరవించి మిగతావి వేస్తారా, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారా, స్టాకు మా జిల్లా వారికే అంటారా? రెండు వైపులా ఒకే మాట మీద ఉంటే ఒక ప్రాణం నిలుస్తుంది, రెండు ఆరోగ్య కేంద్రాలకు పరస్పరం మాట్లాడుకునే అలవాటూ అవుతుంది. రెండోది క్షయ. క్షయ రోగులను నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో రోగిని దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయవచ్చు, చికిత్స ఆగకుండా కొనసాగించవచ్చు. రాష్ట్రం దాటి రోగి బాధ్యత అప్పగించడం ప్రభుత్వ వ్యవస్థలో సాధ్యమేనని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మీ మండల క్షయ పర్యవేక్షకుడికి అవతలి పర్యవేక్షకుడు ఇప్పటికే తెలిసి ఉండవచ్చు, ముందు ఆయన్ని అడగండి.

పశువైద్యులను మొదటి రోజు నుంచే కలుపుకోండి. ఈ మాట వినడానికి అందరూ తల ఊపుతారు గానీ సమావేశానికి పిలవడం మరిచిపోతారు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి ప్రాంతంలో బర్డ్ ఫ్లూ బయటపడగానే తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో కోళ్ల లారీలను వెనక్కి పంపారు. అదే నెలలో యాదాద్రి భువనగిరి జిల్లా చౌటుప్పల్ మండలంలోని ఒక ఫారంలోనూ అది బయటపడింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన ఒక పసిబిడ్డ బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 సోకి మరణించింది. పల్నాడు అంటే నల్లగొండ, సూర్యాపేట జిల్లాలకు కృష్ణ అవతలి గట్టు.

బర్డ్ ఫ్లూ నియంత్రణకు కేంద్ర కార్యాచరణ ప్రణాళిక చెప్పేదేమిటంటే, వ్యాధి బయటపడిన చోటు నుంచి ఒక కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ నిర్మూలించాలి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలి. పొందుగుల దగ్గర ఒక ఫారంలో వ్యాధి వచ్చిందనుకోండి. పటం మీద పది కిలోమీటర్ల వృత్తం గీస్తే అది కృష్ణ దాటి దామరచర్ల మండలంలోకి వస్తుంది. ఆ వృత్తంలో ఇవతలి భాగాన్ని ఎవరు చూడాలి? ఏ ఫారంలో ఎన్ని కోళ్లున్నాయో అవతలి పశువైద్యుడికి తెలియదు. వృత్తం తన మండలంలోకి వచ్చిందన్న సంగతి ఇవతలి పశువైద్యుడికి పేపర్లో చదివితే గానీ తెలియదు. ఈ పని ముందే చేసి పెట్టుకోవచ్చు. నదికి రెండు వైపులా పది కిలోమీటర్ల లోపలి ఫారాలు, పెరటి కోళ్ల ఊళ్లు, చికెన్ దుకాణాలు, పక్షులు దిగే చెరువులు ఒకే పటం మీద గుర్తించాలి. కోళ్లను చంపి పూడ్చే బృందానికి రక్షణ దుస్తులు, ఫ్లూ రాకుండా వాడే ఒసెల్టమివిర్ మాత్రలు ఎక్కడి నుంచి వస్తాయో తేల్చుకోవాలి. ఆ కూలీలకు ఆ తర్వాత పది రోజుల పాటు రోజూ జ్వరం చూడాలి. వారు ఏటి అవతలి వారైతే చూసే బాధ్యత అవతలి ఏఎన్‌ఎంకు ఆ సాయంత్రమే అప్పగించాలి. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారణ వచ్చేదాకా ఇవేవీ ఆపకూడదు.

గొర్రెల విషయం కూడా ఇంతే. మన గొల్ల, కురుమ కాపరులు మేత కోసం నదులు దాటి నెలల తరబడి తిరుగుతారు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో పొరుగు రాష్ట్రాల నుంచి పెద్ద సంఖ్యలో జీవాలు వచ్చాయి. మందలో ఉన్నట్టుండి జీవాలు చనిపోతున్నాయంటే, వాటిని కోసినవారికి చేతుల మీద నల్లటి పుండ్లు వస్తున్నాయంటే అది ఆంత్రాక్స్ కావచ్చు. ఆ కబురు పశువైద్యుడి నుంచి మీకు, మీ నుంచి మంద వచ్చిన ఊరికి గంటల్లో వెళ్లాలి.

నీటి సంగతి మీ మండలానికి ఇంకా దగ్గరిది. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్రలు ఒకేసారి పొంగి శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. మంత్రాలయం, రాజోలి, అలంపూర్, కర్నూలు మునిగాయి. అలంపూర్ వారు ఆపదలో పరుగెత్తే కర్నూలు నగరమే నీళ్లలో ఉంది. అందుకే మీ రిఫరల్ ప్రణాళికలో రెండో దిక్కు తప్పనిసరిగా ఉండాలి. కర్నూలు దారి మూసుకుపోతే గర్భిణులు, డయాలసిస్ రోగులు గద్వాల, వనపర్తి, మహబూబ్‌నగర్‌లకు ఏ బండిలో వెళతారో ఇప్పుడే రాసుకోండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువన ఉన్నవారంతా ఉలిక్కిపడ్డారు. అలాంటి రాత్రి నీటిపారుదల శాఖ హెచ్చరిక తహసీల్దారుకు, పోలీసులకు వస్తుంది. ఆరోగ్య కేంద్రానికి కూడా వచ్చేలా మీ పేరు ఆ జాబితాలో చేర్పించుకోండి. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, సుంకేసుల దగ్గర ఎంత నీరు వదులుతున్నారన్నది వాన కాలంలో మీకు రోజూ తెలియాలి. వరద తగ్గాక నీళ్లలో క్లోరిన్ పరీక్ష రెండు గట్టుల మీదా ఒకే కొలతతో జరగాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం. 2022 వేసవిలో రాయచూరులో కలుషిత కుళాయి నీటి వల్ల మరణాలు సంభవించాయి. అక్కడికి రోజూ కూరగాయలకూ చదువులకూ వెళ్లివచ్చే ఇవతలి ఊళ్ల ఆరోగ్య కేంద్రాలకు అలాంటి రోజున మొదటి గంటలోనే తెలియాలని నేను కోరుకుంటాను.

సరిహద్దు మూసేస్తే సరిపోదా అని మిమ్మల్ని కొందరు అడుగుతారు. 2021 మే నెల గుర్తుచేయండి. ఆంధ్రప్రదేశ్ నుంచి కోవిడ్ రోగులతో వస్తున్న అంబులెన్సులను పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర, కోదాడ దగ్గర ఆపేశారు. హైదరాబాద్ ఆసుపత్రిలో పడక ఖాయమైందని ముందుగా అనుమతి ఉంటేనే రానిస్తామన్నారు. ఆక్సిజన్ పెట్టుకున్న మనుషులు రోడ్డు మీద ఎదురుచూశారు. ఆ ఉత్తర్వుల అమలును మే 14న తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది. పడకల కొరత నిజమే, హైదరాబాద్ మీద ఒత్తిడీ నిజమే. కానీ ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో రెండు రాష్ట్రాల కంట్రోల్ రూములు గంట గంటకూ పంచుకునే ఏర్పాటు ముందే ఉండి ఉంటే ఆ రోగికి దారి కర్నూలులోనే తెలిసేది, టోల్‌ప్లాజా దాకా రావాల్సిన అవసరమే ఉండేది కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూడండి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో 6వ అంశం. రాష్ట్రాల మధ్య క్వారంటైన్ కేంద్ర జాబితాలో 81వ అంశం. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా ఆపడం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. మనుషులకే కాదు, పశువులకూ పంటలకూ వచ్చే వ్యాధులు కూడా అందులోనే ఉన్నాయి. అంటే ఈ పని ఎవరో ఒక్కరిది కాదని రాజ్యాంగం రాసినవారికి ముందే తెలుసు.

బయటి దేశాల అనుభవం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మనకు కావలసిన పాఠాలు అందులో రెండే. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2007 జూన్ 15 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రతి దేశానికీ ఏ వేళలోనైనా స్పందించే ఒక కేంద్రం ఉండాలి, తీవ్రమైన ఘటన అని అంచనాకు వచ్చిన 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయాలి. ఎవరు చెప్పాలి, ఎంతసేపట్లో చెప్పాలి అన్న రెండూ ముందే తేల్చి ఉండటం మొదటి పాఠం. రెండోది మెకాంగ్ నది దేశాలది. కంబోడియా, చైనా, లావోస్, మయన్మార్, థాయిలాండ్, వియత్నాం 2001లో వ్యాధి నిఘాకు అవగాహన కుదుర్చుకున్నాయి. ఆ దేశాల మధ్య పాత కక్షలు తక్కువేమీ కావు. అయినా ఎదురెదురు సరిహద్దు జిల్లాల సిబ్బంది నేరుగా కలుసుకుని సమాచారం పంచుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఇలాంటిది లేనిచోట ఏమవుతుందో పశ్చిమ ఆఫ్రికా చూపించింది. 2013 డిసెంబరులో గినీ అడవి ప్రాంతంలో మొదలైన ఎబోలా సంగతి 2014 మార్చిలో గానీ తేలలేదు. అది మూడు దేశాలు కలిసే చోటు. చావులకు, పెళ్లిళ్లకు, సంతలకు అటూ ఇటూ తిరిగే జనం. చివరికి 28,600కు పైగా కేసులు, 11,300కు పైగా మరణాలు. మెకాంగ్ దేశాలే చేతులు కలిపినప్పుడు వియ్యాలూ అంగళ్లూ కలిసిన మనకు అడ్డేమిటి?

ఇక కాగితం విషయం. మీరు కలెక్టరు ద్వారా అడగాల్సింది పెద్ద ఒప్పందం కాదు, రెండు పేజీల అవగాహన లేఖ. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు కాబట్టి అటు కలెక్టరుతో మాట్లాడటానికి ఆయనకు వేదిక ఉంది. మీ జిల్లా వైద్యాధికారి చేత నోటు పెట్టించండి. అందులో ఏ వ్యాధుల కబురు ఎంతసేపట్లో చెప్పుకోవాలి, ఎవరు ఎవరికి చెప్పాలి, అంబులెన్సును ఆపకూడదు, అత్యవసర చికిత్సకు చిరునామా అడ్డు కాకూడదు, ఏడాదికి రెండుసార్లు కలవాలి అన్నవి ఉంటే చాలు. పేర్లు మాత్రం రాయించకండి, హోదాలు రాయించండి. మన అధికారులు తరచూ బదిలీ అవుతారు. ఫోను నంబరు కూడా కుర్చీతో పాటు ఉండే ప్రభుత్వ సిమ్ అయితే మంచిది. బాధ్యతలు అప్పగించే రోజు కొత్తగా వచ్చినవారు అవతలి వారికి ఒక్క ఫోను చేసి పరిచయం చేసుకోవాలన్నది ఆ లేఖలోనే షరతుగా పెట్టించండి. ఖర్చు, బీమా పథకాల లెక్కలు ఈ లేఖలో కలపవద్దని నా సలహా. ఆరోగ్యశ్రీ లాంటివి రాష్ట్ర స్థాయిలో తేలాల్సినవి. వాటిని ఇందులో పెడితే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

లేఖ కుదిరినా కుదరకపోయినా కసరత్తు చేయండి. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. 2016లో బీచుపల్లి, రంగాపూర్, వాడపల్లి, నాగార్జునసాగర్ ఘాట్లకు జనం ఎలా వచ్చారో ఈ ప్రాంతమంతా చూసింది. అంతకన్నా ముందే ఏటేటా జాతరలు ఉన్నాయి. కురువపురం దీవి కర్ణాటకది, కానీ భక్తుల్లో చాలామంది మక్తల్ మండలం పంచదేవపహాడ్ నుంచి పుట్టిలో దాటతారు. అక్కడ ఒకరికి కలరా అనుమానం వస్తే నమూనా ఏ ప్రయోగశాలకు వెళ్లాలి, పుట్టి నడిపేవారికి ఎవరు చెప్పాలి, తిరిగి వెళ్లిన యాత్రికుల ఊళ్లకు ఎవరు ఫోను చేయాలి? అటు నుంచి ఐదారుగురు, ఇటు నుంచి ఐదారుగురు ఒక గదిలో కూర్చుని ఈ ప్రశ్నలకు నిజమైన ఫోన్లు చేసి జవాబులు రాబట్టండి. పూజారులు, పుట్టి నడిపేవారు, టోల్‌ప్లాజా సిబ్బంది, 108 వాహన చోదకులు కూడా ఆ గదిలో ఉండాలి. ఫలితాన్ని కొలవడానికి 7-1-7 అనే లెక్క వాడండి. వ్యాధి మొదలైన 7 రోజుల్లో గుర్తించామా, గుర్తించిన 1 రోజులో చెప్పామా, ఆ తర్వాత 7 రోజుల్లో తొలి నియంత్రణ చర్యలు పూర్తయ్యాయా? ఎక్కడ ఆలస్యమైందో అందులోనే తేలిపోతుంది. తర్వాతి సమావేశానికి అదే అజెండా.

పై అధికారులు తప్పుపడతారేమో అన్న మీ సందేహానికి జవాబు. ఎదురుగా ఉన్న వైద్యుడితో పరిచయం పెంచుకోవడానికి, ఊళ్ల జాబితా ఇచ్చిపుచ్చుకోవడానికి, కుక్కకాటు చీటీ గౌరవించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోగి వివరాలు పంపే పద్ధతిని మాత్రం జిల్లా నిఘా అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి మొదలుపెట్టండి. కలరా, డిఫ్తీరియా, ఆంత్రాక్స్, కోళ్లతో పనిచేసే వ్యక్తికి తీవ్రమైన న్యుమోనియా, కారణం తెలియని వరుస మరణాలు లాంటివి ఎదురైతే అవతలి మిత్రుడికి చెప్పడంతో మీ పని అయిపోదు. ముందు జిల్లా నిఘా అధికారికి ఫోను, వెంటనే పోర్టల్‌లో నమోదు, అదే గంటలో అవతలికి ఫోను. మూడూ జరగాలి, ఆ సమయాలు మీ రిజిస్టరులో రాసి ఉండాలి.